ఒక టీ తాగేంత ఓపిక

ఆ సోమవారం పొద్దున బదరీనారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. అంగడి తెరవాలని చెప్పి ఆరింటికే ఇల్లు దాటాలి. బస్సులు ఆగే చోట గౌస్ మొహిద్దీన్ టీ కొట్టులో రెండు చెంచాల చక్కెర వేసిన టీ ఒకటి తాగాలి. మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు పోయి కిరాణా అంగడి తలుపులు తీయాలి. ఒంట్లో చక్కెర ఎక్కువైందని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైంది. ఆ రోజు నుంచి ఆయన భార్య కన్యకమ్మ ఇంట్లో చక్కెర డబ్బాను ఎక్కడ దాచిందో ఆయనకు తెలియదు. అంగడిలో బస్తాలకొద్దీ చక్కెర అమ్మే మనిషి, ఇంట్లో చక్కెర కోసం వెతుక్కుంటున్నాడు.

"గౌసూ, ఒక టీ. చక్కెర రెండు చెంచాలు."

గౌస్ పాలగిన్నె మీద నుంచి తల ఎత్తలేదు. "చక్కెర ల్యా శెట్టన్నా."

"ఆ డబ్బాలో ఉండేది ఏందప్పా?"

"అది చక్కెరే. నీకు ల్యా."

అసలు సంగతేమిటంటే, ముందురోజు సాయంత్రమే కన్యకమ్మ ఆ కొట్టు దాకా నడిచి వచ్చి నాలుగు మాటలు చెప్పి పోయింది. ఆయనకు చక్కెర టీ ఇచ్చిన రోజు నుంచి నీ కొట్టుకు మా అంగడి సరుకు రాదు అన్నది వాటిలో అన్నిటికన్నా మెత్తని మాట.

బదరీనారాయణ ముఖం చూసి గౌస్‌కు జాలేసింది. "ఉండన్నా. మా హబీబా చెల్లెలి కాన్పుకని కణేకల్లుకు పోతా పోతా ఒక డబ్బా పెట్టి పోయినాది. ఏవో వేర్ల పొడి. దగ్గు గిగ్గు వస్తే కాంచుకోమన్యాది. అది కాంచి ఇస్తా. దాంట్లో చక్కెర ల్యా, మీ ఆడమనిషికి కోపమూ రాదు."

హబీబా వాళ్ళ నాయన ఊరూరా తిరిగి మూలికలు అమ్మిన హకీమ్. ఆయన చేతి పొడులు ఇప్పుడు ఆమె చేస్తుంది. కదిరిలో ఒక అంగడికి పంపడానికని ఐదు కిలోల పొడి కొట్టి డబ్బాకెత్తింది. గ్లాసుకు ఒక చిటికె చాలని భర్తకు చెప్పింది కూడా. కానీ ఏ మందైనా ఎంత ఎక్కువ వేస్తే అంత బాగా పనిచేస్తుందని గౌస్ నమ్మకం. రెండు గుప్పెళ్ళు వేసి, నల్లగా మరిగించి, ఒక చెంచా తాను రుచి చూసి ముఖం చిట్లించి, మిగిలింది గ్లాసులో పోసి ఇచ్చాడు.

బదరీనారాయణ ఒక గుక్క తాగాడు. ముందు వగరు. ఆ తర్వాత చేదు. దాని వెనకాలే గొంతులో మిరియాల మంట.

"ఇది టీ కాదు గౌసూ, జుర్మానా!" అన్నాడు. అయినా ఇంకేమీ దొరకదు గనుక గ్లాసు ఖాళీ చేశాడు. నోరు పుక్కిలిద్దామని పక్కనే ఉన్న మినీ ట్యాంకు దగ్గరికి పోయాడు.

ఆ మినీ ట్యాంకు గురించి చెప్పాలి. గువ్వలగుట్టపల్లిలో నాలుగు బోర్లు ఎండిపోయిన తర్వాత ఐదో బోరు తొమ్మిది వందల అడుగులు వేస్తే నీళ్ళు పడ్డాయి. ఊరంతా సంతోషించింది. మొదటి చెంబు నోట్లో పోసుకున్న మనిషి మాత్రం సంతోషించలేదు. ఉప్పు. గేదెలు కూడా మొదటి రోజు మూతి తిప్పుకున్నాయి. అప్పటి నుంచి ఈ ట్యాంకుకెక్కే ఆ నీళ్ళు గిన్నెలకూ గుడ్డలకూ. తాగడానికీ వంటకూ రోజు విడిచి రోజు సర్కారు ట్యాంకరు. ట్యాంకరు వచ్చిన రోజు ఆ ఊళ్ళో బిందెలు తగిలిన తలలు, తెగిన మాటలు లెక్కలేనన్ని.

బదరీనారాయణ కొళాయి తిప్పి దోసిలి నింపి నోట్లో పోసుకున్నాడు. ఉమ్మేద్దామని వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

తీపి.

చక్కెర తీపి కాదు అది. చక్కెర నాలుక మొన మీద పడి చప్పున కరిగిపోతుంది. ఇది నాలుక వెనక నుంచి, గొంతు లోపలి నుంచి నింపాదిగా వచ్చి నోరంతా నిండింది. మింగాడు. పోలేదు. ఇంకో దోసిలి తాగాడు. మళ్ళీ వచ్చింది, మొదటిదానికన్నా చల్లగా, హాయిగా.

ఎన్నాళ్ళకో ఎరిగిన తీపి అది. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే డాక్టరు మాట గుర్తొచ్చింది. బదరీనారాయణ అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

"గౌసూ! నా పని అయిపోయింది. ఒంట్లో చక్కెర ఎక్కువై నోటికొచ్చేసినాది! ఉప్పు నీళ్ళు తియ్యగ తగుల్తాండాయి. కన్యకమ్మను పిలువు. చింతపండు బస్తా వెనకాల దాచిన మైసూరుపాకు తిన్యాది ఎలుకలు కాదు, నేనే అని చెప్పు. మనసులో పెట్టుకుని పోకూడదు."

గౌస్ పరుగెత్తుకొచ్చాడు. స్నేహితుడి చావు నీళ్ళ వల్లనా జబ్బు వల్లనా తేల్చుకుందామని తనూ దోసిలి పట్టి తాగాడు. తాగి కదలకుండా నిలబడ్డాడు. ఒక చెంచా కషాయం తాను కూడా తాగిన సంగతి గుర్తుచేసుకోవలసిన అవసరం ఆయనకు ఆ క్షణాన కనిపించలేదు.

"యా అల్లా!" అన్నాడు మెల్లగా. "శెట్టన్నా, లెయ్. నువ్వు సావవు. నీళ్ళే తియ్యగుండాయి!"

వెనక కొట్టులో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరూ చూడలేదు.

అప్పుడే సర్పంచి ఓబన్న మోటారుసైకిలు మీద కదిరికి పోతూ అటు వచ్చాడు. ఇద్దరు పెద్దమనుషులు కొళాయి కింద చేతులు పెట్టుకుని దేవుడిని చూసినట్టు నీళ్ళను చూస్తుంటే బండి ఆపాడు. సంగతి విని, బండి దిగి, తాగి, తుపుక్కున ఉమ్మాడు.

"ఉప్పే కదప్పా! పొద్దున్నే ఇద్దరికీ ఏమైంది?"

"అన్నా, నువ్వు బండి దిగినోనివి దిగినట్టే తాగితివి," అన్నాడు గౌస్. "ఆయాసం మీద ఏమి రుచి తెలుస్తాది? కూర్చో. ఒక టీ తాగి, నిదానంగా తాగి చూడు." పాలు పొంగిపోయాయి గనుక కషాయమే ఇచ్చాడు.

ఓబన్న తిట్టుకుంటూ తాగాడు. మళ్ళీ కొళాయి దగ్గరికి పోయాడు. ఈసారి ఉమ్మలేదు. కాసేపు నిలబడి, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

"కొత్త ఊట ఏదో వచ్చి కలిసినాది," అన్నాడు గొంతు తగ్గించి. "కొంచెంసేపు ఉప్పు, కొంచెంసేపు తీపి. అట్ల వస్తాండాది."

ఆ సిద్ధాంతం పది నిమిషాలు కూడా నిలవలేదు. పరుగెత్తుకొచ్చిన నలుగురు అదే కొళాయి కింద, ఓబన్న తాగుతున్నప్పుడే తాగి ఉప్పన్నారు. ఓబన్న తీపన్నాడు. ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకునేదాకా వచ్చింది. అప్పుడు బదరీనారాయణకు తోచింది. "ఒరే, మీరు పరుగెత్తుకొచ్చినారు. మేము కూర్చొని తాగినాం. తొందరపడినోళ్ళకు ఉప్పు, ఓపిక పట్టినోళ్ళకు తీపి! ఒక టీ తాగేంతసేపు కూర్చొని చూడండప్పా."

ఒక టీ తాగేంతసేపును కొలవడానికి టీ తాగడం కన్నా సులువైన పద్ధతి ఎవరికీ తోచలేదు. గౌస్ పెద్ద గిన్నె ఎక్కించాడు. నలుగురూ కూర్చున్నారు, తాగారు, ముఖాలు చిట్లించారు, కొళాయి దగ్గరికి పోయారు. తీపి!

పదిగంటలకు అక్కడ అరవైమంది ఉన్నారు. చిత్రమేమిటంటే గొడవ లేదు. నీళ్ళ దగ్గర గువ్వలగుట్టపల్లి జనం వరుసలో నిలబడటం అదే మొదలు. ముందు పొమ్మంటే, నువ్వే ముందు అనుకుంటున్నారు. తొందరపడితే ఉప్పవుతుందని భయం. నాలుగేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని కషాయం తాగారు.

కూలికి పోతూ ఆగిన మారెక్క కూడా ఒక గ్లాసు తాగింది. ఆమెకు డెబ్భై దాటాయి. కొళాయి నీళ్ళు ఒక గుక్క తాగి చాలాసేపు మింగకుండా నోట్లోనే ఉంచుకుంది.

"నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో పడమటి బావిలో ఇట్లాంటి నీళ్ళుండె," అంది. "బావి పూడిపోయి యాభై ఏండ్లాయ. ఈ రుచి మళ్ళా చూస్తాననుకోలా." గ్లాసులో మిగిలిన నీళ్ళు అరచేతిలో పోసుకుని కళ్ళకద్దుకుంది. నవ్వబోయినవాళ్ళు కూడా నవ్వలేకపోయారు.

మగవాళ్ళంతా బిందెలు నింపి ఇళ్ళకు మోసుకుపోయారు. ఇళ్ళలో ఆడవాళ్ళు రుచి చూసి ఉప్పన్నారు. టీ కొట్టు దగ్గర కూర్చునే అలవాటు వాళ్ళకు లేదు.

"నువ్వు కోపంగా తాగినావు, అందుకే," అన్నాడు బదరీనారాయణ భార్యతో.

"నేను కోపంగా లేను."

"ఇప్పుడుండావు కదా?"

"ఇప్పుడుండా," అంది కన్యకమ్మ.

మంగళవారానికి ఈ వార్త ఎవరి ఫోనులోంచో ఎవరి ఫోనులోకో ఎగిరి నీటి సరఫరా ఇంజనీరు సురేంద్రకు చేరింది. ఆయన కాగితాలు, సీసాలు పట్టుకుని జీపులో వచ్చాడు. ఎండలో వచ్చిన అధికారిని తిన్నగా కొళాయి దగ్గరికి తీసుకుపోవడం మర్యాద కాదు. నీడలో కుర్చీ వేసి గౌస్ చేత పెద్ద గ్లాసు కషాయం ఇప్పించారు. ఆ తర్వాత ఓబన్న స్వయంగా స్టీలు చెంబుతో నీళ్ళు అందించాడు.

సురేంద్ర చెంబు ఎత్తి తాగాడు. దించి చెంబులోకి చూశాడు. మళ్ళీ తాగాడు.

"పద్దెనిమిదేండ్ల సర్వీసులో ఇట్లాంటిది చూడలేదప్పా," అన్నాడు. ఆ మాట నిజమే. సీసాలో నీళ్ళు పట్టి మూత బిగించాడు. "పరీక్షకు పంపుతా. రిపోర్టు రావడానికి మూడు వారాలు పడుతుంది. ఇప్పటికి కాగితంలో రుచి అని ఒక గడి ఉంది, అది ఈడనే నింపాల." నింపాడు. తర్వాత పెన్ను పట్టుకుని తల ఎత్తాడు. "మరి ట్యాంకరు సంగతి?"

అందరూ బదరీనారాయణ వైపు చూశారు. తీపిని కనిపెట్టినవాడు ఆయనే గదా. రెండు రోజులుగా ఊరు ఆయనకు చేస్తున్న మర్యాద ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఎన్నడూ చేయలేదు. ఆ మర్యాద తలకెక్కి, గుండె కూడా పొంగింది.

"ఇంత తియ్యని నీళ్ళు పెట్టుకుని ట్యాంకరు నీళ్ళు ఎందుకు సార్? యాడన్నా నీళ్ళు లేక అల్లాడే ఊరుంటాది. పాపం, వాళ్ళకు పంపించండి."

ఊరు చప్పట్లు కొట్టింది. ఓబన్న సంతకం చేశాడు. సురేంద్ర ఇంకో గ్లాసు కషాయం అడిగి తాగి వెళ్ళిపోయాడు.

బుధవారం ట్యాంకరు రాలేదు. ఆ రోజుకు ఇళ్ళలో పాత నీళ్ళున్నాయి గనుక సరిపోయింది. గురువారం పొద్దున కన్యకమ్మ బోరు నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. గంటైంది. పప్పు గింజలు గింజల్లాగే ఉన్నాయి. రెండు గంటలైంది. కుక్కరులో వేసి ఎనిమిది విజిళ్ళు పెట్టించింది. తీసి చూస్తే పలుకులు పలుకులుగా ఆమెను చూస్తున్నాయి. అన్నం పచ్చబడింది. పక్కింట్లో పిల్లలు నీళ్ళు తాగలేమని ఏడుస్తున్నారు. వీధిలో ఏ ఇంట్లో చూసినా అదే కథ. ఆడవాళ్ళందరూ ఒక వైపు, మగవాళ్ళందరూ ఒక వైపు అయిపోయారు. మారెక్క ఒక్కతే మగవాళ్ళ వైపు.

కన్యకమ్మ మధ్యాహ్నం కొంగు బిగించి తిన్నగా మినీ ట్యాంకు దగ్గరికి నడిచింది. బదరీనారాయణ, గౌస్, ఓబన్న బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమె ఒక గ్లాసు నీళ్ళు పట్టింది. సగం తాను తాగింది.

"ఉప్పు," అంది. మిగిలిన సగం భర్తకిచ్చింది. "మీరు తాగండి."

ఆయన తాగాడు. "తీపి," అన్నాడు. అబద్ధమాడేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడతాయని ఆమెకు తెలుసు. చెవులు మామూలుగానే ఉన్నాయి.

మొదటిసారి ఆమెకు కోపం పోయి భయం వేసింది. ఒకే కొళాయి. ఒకే గ్లాసు. ఒకే నీళ్ళు. రెండు నోళ్ళు, రెండు రుచులు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఖాళీ గ్లాసును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. గ్లాసులో ఏమీ లేదు. మరి తేడా ఎక్కడుంది? నోట్లో ఉండాలి.

"ఇందాక ఏమి తిన్యారు మీరు?"

"ఏమీ తినలా. పప్పు ఉడకలేదు కదా."

"ఏమి తాగినారు?"

"నీళ్ళు తాగేముందు తాగేదే. ఒక కషాయం."

"రోజూనా?"

"అందరమూ. ఓపిక కోసం తాగుతాం," అన్నాడు ఓబన్న.

కన్యకమ్మ గౌస్ వైపు చెయ్యి చాపింది. ఆయన అరగ్లాసు కషాయం పోసి ఇచ్చాడు. అందరి ముందూ టీ కొట్టులో నిలబడి ఆమె తాగింది. వగరు, చేదు, మంట. కొళాయి దగ్గరికి పోయి ఒక గుక్క నీళ్ళు తాగింది.

ఆమె చెయ్యి కొళాయి మీదే ఉండిపోయింది. ఇంకో గుక్క తాగింది. ఆ తర్వాత ఇంకొకటి. తేల్చుకోవడానికి ఒక్క గుక్క చాలు, మిగిలినవి దేనికి తాగిందో ఆమె చెప్పలేదు. భర్త చెప్పినదంతా నిజమే అయినందుకు, ఏదీ నిజం కానందుకు, ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాలుగు గంటల బస్సులో హబీబా దిగింది. సంచి కింద పెట్టి, మూత తెరిచి ఉన్న డబ్బాలోకి తొంగి చూసింది. ఐదు కిలోల పొడిలో అడుగున రెండు గుప్పెళ్ళు మిగిలి ఉన్నాయి.

"నా పొడి యాడబోయింది?"

గౌస్ ఊరి వైపు చెయ్యి చూపించాడు. సంగతి విడమరిచి చెప్పేసరికి హబీబా తల పట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"గ్లాసుకు చిటికె అని చెప్పితి కదా! దగ్గుకు చేసిన మందది. ఇట్ల చెంబులకు చెంబులు తాగితే రక్తపోటు వస్తాది! అందరూ ఈ పొద్దుతో ఆపండి." తర్వాత కన్యకమ్మ వైపు తిరిగింది. "అక్కా, దాంట్లో సగం అతిమధురం వేరు. పావు ఎండిన ఉసిరిక్కాయ. మిగిలింది మిరియాలు, శొంఠి. అతిమధురం తీపి చక్కెర మాదిరి కాదు. చక్కెర చుట్టం మాదిరి వచ్చి పోతాది. ఈ వేరు తీపి ఆలస్యంగా వస్తాది, వచ్చిందంటే నాలుకను పట్టుకుని పోనే పోదు. నీళ్ళు తాగిన కొద్దీ మళ్ళా లేస్తాది. ఇంక ఉసిరిక్కాయ ఉండనే ఉండాది. చిన్నప్పుడు ఉసిరిక్కాయ తిని నీళ్ళు తాగినోళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరా?"

ఊళ్ళో ఉసిరికాయ తిని నీళ్ళు తాగనివాళ్ళు ఒక్కరు కూడా లేరు. బడి వెనక దొంగతనంగా తిని, పరుగెత్తిపోయి నీళ్ళు తాగి, నాలుక చప్పరించుకున్న సంగతి అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"అంటే నీళ్ళు మారలేదా?" అన్నాడు బదరీనారాయణ, చిన్నపిల్లవాడిలా.

"నీళ్ళు అట్లనే ఉండాయి అన్నా. మారింది మీ నాలుక," అంది హబీబా. ఆయన ముఖం చూసి గొంతు మెత్తబరిచింది. "మా నాయన చెప్తాండె. ఇంత చేదులో అంత తీపిని దేవుడు ఎందుకు దాచిపెట్టినాడో తనకూ తెలీదని. ముప్పై ఏండ్లు అమ్మినా ఆయనకు ఆ ఆశ్చర్యం పోలేదు."

ఓబన్న వెంటనే సురేంద్రకు ఫోన్ చేసి, ట్యాంకరు పంపమని, నీళ్ళు ఉప్పేనని చెప్పాడు. సురేంద్ర గట్టిగా నవ్వాడు.

"ఏమప్పా, నా నాలుకతో నేనే చూసినా కదా? ట్యాంకరూ కావాల, తీపి నీళ్ళూ కావాలనా? పెద్ద మేడంకు కూడా చెప్పేసినా. రేపు పొద్దున చూడటానికి ఆమే వస్తాంది. ఆ కషాయం మాత్రం మరిచిపోవద్దు."

ఆ సాయంత్రం ఊరు ఒక నిర్ణయానికి వచ్చింది. రేపు మేడం వచ్చినప్పుడు ఉత్త నీళ్ళు తప్ప టీ గానీ కషాయం గానీ వక్కాకు గానీ ఎవరూ ఇవ్వకూడదు. ఉన్నది ఉన్నట్టు రుచి చూస్తుంది, ముఖం చిట్లిస్తుంది, ట్యాంకరు వస్తుంది. మిగిలిన పొడి డబ్బాను కన్యకమ్మ తన చక్కెర డబ్బా దాచిన చోట దాచింది. అది ఎవరికీ దొరకదని బదరీనారాయణ హామీ ఇచ్చాడు.

శుక్రవారం తొమ్మిదింటికి రెండు జీపులు వచ్చాయి. పెద్ద ఇంజనీరు నాగజ్యోతి దిగింది. యాభై ఏళ్ళు ఉంటాయి. రోజూ ఊళ్ళు తిరిగి మాట్లాడి మాట్లాడి బొంగురుపోయిన గొంతు. గౌస్ కొట్టు మూసి ఉంది. పదకొండేళ్ళలో అది మొదటిసారి.

"కషాయం యాడప్పా?" అన్నాడు సురేంద్ర.

"లేదు సార్," అన్నారు నలభైమంది ఒక్క గొంతుతో.

"పోనీ టీ?"

"లేదు సార్!"

"ఇదేం మర్యాద?" అని సురేంద్ర మండిపడబోతే నాగజ్యోతి ఆపింది. "నాకు టీ వద్దులే. నీళ్ళియ్యండి చాలు."

ఓబన్న చెంబు అందించాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి ఆమె ముఖం ఎప్పుడు చిట్లుతుందా అని చూసింది. ఆమె తాగింది. ఇంకొంచెం తాగింది. ముఖం విప్పారింది.

"ఎంత బాగున్నాయి! తియ్యగా ఉన్నాయి."

బదరీనారాయణ మెల్లగా వంగి అదే కొళాయి నీళ్ళు రుచి చూశాడు. ఉప్పు. గౌస్ చూశాడు. ఉప్పు. కషాయం లేదు, టీ లేదు, ఆమె జీపు దిగి ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఓబన్న మళ్ళీ చెప్పులు విడిచాడు. నిజంగానే ఏదో ఉందా?

"అబద్ధమనుకుంటిరి కదా," అంది మారెక్క, రెండు చేతులూ జోడించి. "నిజంగానే వచ్చినాది."

హబీబా మాత్రం నీళ్ళను చూడటం లేదు. మేడం ఎడమ బుగ్గను చూస్తోంది. కన్యకమ్మను మోచేత్తో పొడిచింది. ఇద్దరూ ముందుకొచ్చారు.

"మేడం, తప్పుగా అనుకోవద్దు," అంది హబీబా. "ఒకసారి నోరు తెరుస్తారా?"

"ఏయ్, ఏందిది!" అని సురేంద్ర అరిచాడు.

నాగజ్యోతి ఆశ్చర్యపోయి, బుగ్గలోంచి చిన్న వేరుముక్క తీసింది. "ఇదా? గొంతు కోసం. అతిమధురం. పన్నెండేళ్ళుగా అలవాటు. ఇది లేకుంటే నాకు మాట రాదు."

నలభైమంది ఒకేసారి నిట్టూర్చారు. మారెక్క చేతులు దించేసింది.

కన్యకమ్మ కుర్చీ వేసింది. "మేడం, అది పక్కన పెట్టి, నోరు బాగా పుక్కిలించి, ఈ రొట్టె తినండి. ఒక అరగంట కూర్చోండి. ఆ తర్వాత మళ్ళా తాగండి. మా పప్పు రెండు రోజులుగా ఉడకలేదు. మాకోసం అరగంట కూర్చోలేరా?"

నాగజ్యోతి ఎందుకో కాదనలేకపోయింది. జొన్నరొట్టె తింటూ హబీబా చెప్పిందంతా విన్నది. అరగంట తర్వాత చెంబెత్తింది. ఒక గుక్క మింగి, రెండో గుక్క మింగలేక పక్కకు తిరిగి ఉమ్మేసింది. ముఖం చిట్లింది. ఊరు నిన్న సాయంత్రం నుంచి ఎదురుచూసిన చిట్లింపు అది. కానీ సంగతి అక్కడితో ఆగలేదు. ఆమె వేరుముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు దానివైపే చూసింది.

"సురేంద్రా, పోయిన నెల నేను చూసొచ్చిన ఊళ్ళ కాగితాలు జీపులో ఉన్నాయా?"

"ఉన్నాయి మేడం. పదకొండు ఊళ్ళు."

"రుచి గడిలో 'బాగుంది' అని రాసినవి ఎన్ని?"

సురేంద్ర కాగితాలన్నీ తిప్పాడు. మొదటి నుంచి మళ్ళీ తిప్పాడు. "పదకొండు మేడం."

"ఆ ఊళ్ళవాళ్ళు ఏమైనా చెప్పినారా?"

"ఉప్పని చెప్పినారు మేడం. ట్యాంకరు కోసం అబద్ధం చెప్తున్నారని మీరే..." అని ఆయన ఆగిపోయాడు.

నాగజ్యోతి లేచింది. వేరుముక్కను కాగితంలో చుట్టి హబీబా చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచమ్మా," అంది, వచ్చినప్పటికన్నా బొంగురు గొంతుతో. గువ్వలగుట్టపల్లికి మధ్యాహ్నానికల్లా ట్యాంకరు వచ్చింది. దాని దగ్గర మళ్ళీ బిందెలు తగిలాయి, మాటలు తెగాయి. మాటల్లేని అన్నదమ్ములు మాత్రం ఎందుకో ఒకే బిందెను చెరో వైపూ పట్టుకుని పోయారు. కన్యకమ్మ పప్పు మూడు విజిళ్ళకు ఉడికింది.

ఆ నెలలో చినుకు పడలేదు, కొత్త బోరు వేయలేదు, భూమిలో ఏ మార్పూ లేదు. అయినా సర్కారు కాగితాల్లో ఇంకో పదకొండు ఊళ్ళ నీళ్ళు ఒక్కసారిగా ఉప్పగా మారాయి.